లిఫ్టు బావ చవక బేరాల బండి

మా బావకు వచ్చే పార్సెళ్లన్నీ నా కుట్టు షాపుకే వస్తాయి. ఇంటికి వస్తే మా అక్క విప్పుతుంది, విప్పితే ప్రశ్నలు వేస్తుంది, ఆ ప్రశ్నలకు బావ దగ్గర జవాబులుండవు. అందుకని వస్తువు ఆయనది, అడ్రసు నాది, కొరియరాయనతో పోట్లాట కూడా నాదే. ఆ మధ్య కొన్ని నెలలు నా షాపును చూసినవాళ్లెవరూ అది బట్టలు కుట్టే చోటని నమ్మి ఉండరు. మిషను పక్కన అట్టపెట్టెలు, ఇస్త్రీ బల్ల కింద అట్టపెట్టెలు, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు నిలబడాల్సిన చోటా అట్టపెట్టెలే. ఒకావిడకు నడుము కొలత తీస్తుంటే వెనక పెట్టెలోంచి ఏదో ‘టింగ్’మని మోగింది. ఆవిడ ఉలిక్కిపడి ఊపిరి బిగబట్టింది. ఆ బిగబట్టిన కొలతతో కుట్టిన గౌను ఆవిడకు ఈ జన్మలో పట్టదు. అందుకు ఆవిడ నన్ను తిట్టింది, నేను బావను తిట్టాను.

బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లలో ఎక్కడ లిఫ్టు మధ్యలో ఆగిపోయినా ఆయనకే ఫోను వస్తుంది. జీవితమంతా పైకీ కిందకీ తిరిగాడు గానీ పక్కకు కదిలింది తక్కువ. మా చుట్టాల పిల్లలు ఆయన్ని లిఫ్టు మామ అనీ, లిఫ్టు బాబాయి అనీ ఎవరి వరస వాళ్లు కలిపి పిలుస్తారు. నాకు లిఫ్టు బావ. మనిషి బంగారం, ఎవరికీ ఎదురు చెప్పడు, చేతిలో పని ఉంటే ఆకలి కూడా గుర్తుండదు. కానీ ఫోనులో ‘ఈ ఒక్క రోజే తగ్గింపు’ అని కనిపించిందంటే మాత్రం ఒళ్లు తెలియదు. ఆ ఒక్క రోజు వాళ్లకు రోజూ వస్తుందని ఎంత చెప్పినా వినడు.

ఇంతకీ ఆ పార్సెళ్లు ఎందుకో తెలియాలంటే మా అక్క సంగతి చెప్పాలి. చెప్పానని తెలిస్తే నన్ను నిలువునా చీరేస్తుంది. అయినా చెబుతాను. మా అక్క తన ఇంటి బాత్రూంకు తప్ప ఇంకే బాత్రూంకూ వెళ్లలేదు. వెళ్లకూడదని పంతం కాదు, వెళ్లలేదు, అంతే. డాక్టరు ఒంట్లో లోపమేమీ లేదన్నాడు. తను లోపల ఉన్నట్టు బయట ఒక్కరికి తెలిసిందనిపించినా చాలు, ఆవిడకు ఒళ్లంతా కొయ్యబారిపోతుంది. రెండు వీధుల అవతల ఉన్న మా ఇంటికి వచ్చినా మంచినీళ్లు ముట్టదు. ఎవరి పెళ్లికెళ్లినా సగంలో మాయమవుతుంది. ఉద్యోగం కూడా అలాగే చూసుకుంది, వాళ్ల వీధి చివర జిరాక్సు షాపులో. అక్కడి నుంచి ఇల్లు కనిపిస్తుంది.

ఈ లెక్కన అక్కకు లోకమంటే ఇంటి నుంచి ఎంత దూరం వెళ్లి తిరిగి రాగలదో అంతే. దానికి ఆవిడ ఏడవలేదు, నవ్వలేదు, అలవాటు పడిపోయింది. ఎందుకంటే కావలసిన మనిషి తనే వచ్చేది. అక్కకు చిన్నప్పటి స్నేహితురాలు ఒకావిడ ఉంది. ఆవిడ తాటిచెట్టంత ఎత్తు కాబట్టి అక్క ఆవిడను ‘పొడుగు’ అంటుంది. అక్క ఆవిడ భుజం దగ్గరకు కూడా రాదు కాబట్టి ఆవిడ అక్కను ‘పొట్టి’ అంటుంది. పొడుగు ఉండే ఊరు పూటంతా ప్రయాణం. ఏటా సెలవుల్లో వచ్చి వారం పది రోజులు ఉండేది. ఆ వారం పది రోజులూ మా బావ హాల్లో పడుకునేవాడు, ఎందుకంటే గదిలో వాళ్ల కబుర్లు తెల్లవార్లూ తెగేవి కావు. మిగతా ఏడాదంతా ఫోను.

అలాంటి పొడుగు పోయిన ఏడాది మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది, కర్రతో ఇంట్లో నడుస్తోంది గానీ గంటలకు గంటలు కూర్చుని ప్రయాణం చేయడం ఇంక కుదరదని డాక్టరు తేల్చేశాడు. ఆ మాట ఫోనులో అక్కకు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

“నేనింక రాలేనే పొట్టీ. నువ్వెలాగూ రావు. ఇంక మనకి ఈ ఫోనే గతి” అంది పొడుగు.

అక్క “సరేలే, ఫోనుంది కదా” అని పెట్టేసింది. తరవాత వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, గిన్నెలేమీ లేకుండానే చాలాసేపు నిలబడింది. ఏడుపు వినపడకుండా కుళాయి తిప్పడం మా ఇంట్లో ఆడవాళ్లందరికీ తెలిసిన పనే. బావ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఓదార్చడం ఆయనకు చేతకాదు. ఆగిపోయినదేదైనా ఉంటే కదిలించడం వచ్చు.

ఆ వారమే ఒక పాత బేకరీ వ్యాను కొనుక్కొచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. దాని పక్కన వెలిసిపోయిన రంగుల్లో పెద్ద బన్ను బొమ్మ ఉంది, ఆ బన్నుకు కళ్లూ మూతీ ఉన్నాయి, అది వచ్చేపోయేవాళ్లను చూసి ఇకిలిస్తోంది. లోపల ఇంకా రొట్టెల వాసన.

“ఏమిటండీ ఇది?” అంది అక్క.

“ఇల్లు. చక్రాల మీద ఇల్లు. మంచం, పొయ్యి, అన్నీ ఉంటాయి. నీకు మాత్రమే ఒక బాత్రూం కూడా” అన్నాడు బావ, ఆ చివరి మాట నేల చూస్తూ. “ఎక్కడికెళ్లినా నీ ఇంట్లో ఉన్నట్టే. పొడుగు ఇంటికి వెళదాం.”

అక్క వ్యాను చుట్టూ ఒకసారి తిరిగింది. బన్ను మొహంలోకి చూసింది. అప్పుడు షరతు పెట్టింది. “లోపల నేనున్నానని బయట పిట్టకి కూడా తెలియకూడదు. తెలిసిందా, అదే ఆఖరు. బండి అమ్మేయాలి, నన్ను మళ్లీ ఎక్కడికీ రమ్మనకూడదు.”

“పిట్టకి కూడా తెలియదు” అని బావ మాటిచ్చాడు. ఆ మాట మీద నాకు అప్పుడే అనుమానం.

అక్కడి నుంచి మొదలైంది పార్సెళ్ల వరద. బండి ఇళ్లకు కావలసిన సామాను మంచి షాపుల్లో అడిగితే ధర విని బావకు చెమటలు పట్టాయి. ఫోనులో అయితే అన్నీ పప్పుబెల్లాల ధరకే. ఎవరో పరాయి దేశం వాళ్లు రాసినదాన్ని మిషను తెలుగులోకి మార్చి పెట్టేది. ‘ఈ మరుగు పరికరమున గౌరవముతో కూర్చొనుము’, ‘ఈ వెలుతురు పట్టీ మీ చక్రముల గృహమునకు ఆనందమును అంటించును’ అని ఉండేది. బావ అవి పైకి చదివి, “ఎంత మర్యాదగా రాశారో చూడు” అని మురిసిపోయేవాడు. కింద కొన్నవాళ్ల అభిప్రాయాలుండేవి. ఒకాయన రాశాడు: ‘ఇంకా విప్పలేదు, అట్టపెట్టె గట్టిగా ఉంది, ఐదు నక్షత్రాలు.’ అది చదివే బావ సింకు తెప్పించాడు.

ఆ సింకులో ఒక చెంచా కడగొచ్చు. రెండో చెంచా తన వంతు వచ్చేదాకా బయట ఉండాలి. తరవాత ఎండతో నడిచే ఫ్యాను వచ్చింది. అది నిజంగానే ఎండతో నడుస్తుంది, కాకపోతే ఎండ దాని మీదే పడాలి. కాబట్టి మిట్టమధ్యాహ్నం బండి కప్పెక్కి కూర్చున్నవాడికి చక్కటి గాలి. గాలి ఊదే పరుపు ఫొటోలో భార్యాభర్తలిద్దరూ హాయిగా నిద్రపోతున్నారు. మాకొచ్చిన పరుపు మీద బావ పడుకుంటే మోకాళ్ల కింద నుంచి బయటే ఉన్నాయి. “ఫొటోలోవాళ్లు పొట్టివాళ్లయి ఉంటారు” అన్నాడు. బండి ఏటవాలుగా నిలబడిందో లేదో చెప్పే పరికరం ఒకటి వచ్చింది. దాన్ని గోడకానించినా, తలకిందులు చేసినా ‘సమముగా ఉన్నది’ అనే అంటుంది. అచ్చం మా బావే.

“కొలతలు చూసుకుని కొనొచ్చుగా బావా! నేను టేపు లేకుండా గుండీ కూడా కుట్టను” అని అరిచాను ఒకరోజు.

“చూశాను మరదలా. కానీ లిఫ్టులో ఎనిమిది మందని రాసి ఉంటే నిజానికి పన్నెండు మందిని మోస్తుంది. తయారుచేసేవాడు ఎప్పుడూ తక్కువే రాస్తాడు, అది ధర్మం. వీళ్లూ అలాగే రాసుంటారనుకున్నా.”

లోకంలో ఉన్న ఆన్‌లైను దొంగలందరికీ లిఫ్టు కంపెనీవాడి నిజాయితీ అంటగట్టినవాడు మా బావ ఒక్కడే అయ్యుంటాడు. కత్తెర బల్ల మీద విసిరాను.

అసలు సరుకు, అదే గౌరవముతో కూర్చునే మరుగు పరికరం, వచ్చిన రోజు మాత్రం నాకు నవ్వాగలేదు. పెట్టె విప్పితే పసుపు రంగులో బాతు ఆకారం. అది నడక నేర్చుకునే పిల్లల కోసం చేసింది. బావ దాని ముందు కూర్చుని తల పట్టుకున్నాడు. వాపసు అడిగితే ‘పంపనవసరము లేదు, మీ అనుభవమును ఆస్వాదించుడు’ అని జవాబొచ్చింది. రెండోసారి తెప్పించినది దేవుడి దయ వల్ల మనుషులదే, మూత గట్టిగా పడుతుంది, నీళ్ల తొట్టి ఉంది, వాసన రాదు. దానికి బావ చెక్కతో చిన్న గది కట్టాడు, తలుపు పెట్టాడు, ఇత్తడి గడియ బిగించాడు. నేను కిటికీలకు మూడు పొరల పరదాలు కుట్టాను. మధ్యాహ్నం వాటిని మూస్తే లోపల అమావాస్యే.

గడియ దగ్గరే బావ తన వృత్తిబుద్ధి చూపించాడు. లిఫ్టు తలుపు సరిగ్గా పడకపోతే లిఫ్టు కదలకూడదు, అది ఆయనకు వేదం. అక్క లోపలుండగా పొరపాటున బండి కదిలిస్తే ఎలా? అందుకని గడియకు ఒక చిన్న మీట పెట్టాడు. గడియ వేస్తే ఆ మీట వైరు లేకుండానే కబురు పంపుతుంది, స్టీరింగు పక్కన కందిగింజంత ఎర్ర దీపం వెలుగుతుంది. మీటా దీపమూ రెండూ ఫోనులో ఒకే షాపువాడి దగ్గర కొన్నవే.

“అక్కకి చెప్పావా?” అన్నాను.

“చెప్తే ఎక్కదు. ఆ దీపం నాకొక్కడికే కనపడుతుంది. నేను పిట్టను కాదుగా” అన్నాడు.

ప్రయాణానికి ముందు రోజు ఆఖరి పార్సెలు వచ్చింది. అదే షాపువాడి ఎల్‌ఈడీ లైట్ల పట్టీ, బండి చుట్టూ అంటించడానికి. ఇంకా లైట్లెందుకు బావా అని విసుక్కున్నాను. “మనం చేరేసరికి చీకటి పడుతుంది. మీ అక్క కొత్త ఊళ్లో దిగుతుంది, కాలి కింద వెలుగుండొద్దూ?” అన్నాడు. ఇద్దరం కలిసి అంటించాం. రిమోటు నొక్కితే ఎరుపూ పచ్చా నీలం ఒకదాని వెనక ఒకటి బండి చుట్టూ పరుగెత్తాయి, ఎక్కడినుంచో పిల్లల బొమ్మలో వచ్చే పాట కీచుగా మొదలైంది. పాట ఉంటుందని ఎక్కడా రాయలేదు. “ఉచితంగా ఇచ్చాడు!” అని బావ పొంగిపోయాడు. రిమోటుతో వెలిగించి, రిమోటుతో ఆర్పి, అంతా బాగుందని చేతులు దులుపుకున్నాడు. గడియ సంగతి ఇద్దరికీ తోచలేదు.

మర్నాడు నన్ను తోడు పెట్టుకుని అక్క బండెక్కింది. పెళ్లయినప్పుడు కూడా మొహంలో అంత కంగారు లేదు. తన వీధి దాటింది, జిరాక్సు షాపు దాటింది, ఇల్లు కనపడని చోటికి వచ్చేసింది. పొడుగుకు నిమిషానికోసారి ఫోను చేసి “ఇప్పుడు చెరువు కనపడుతోందే”, “ఇప్పుడు ఏదో ఫ్యాక్టరీ పొగగొట్టమే” అని చెబుతూనే ఉంది. చివరికి పొడుగే “నువ్వు వచ్చి చెప్పవే తల్లీ, నాకు కూరలో ఉప్పు ఎక్కువైంది” అని పెట్టేసింది. అక్క ధైర్యం చేసి దారిలో టీ కూడా తాగింది. బావ అద్దంలోంచి అది చూసి నాకు కన్నుగీటాడు. ఆ టీ ఆయనకు పతకం గెలిచినంత సంబరం.

సాయంత్రం పొద్దుగూకే వేళ బళ్లన్నీ ఆగిపోయాయి. ముందు వంతెన మీద సరుకుల లారీ అడ్డం తిరిగిందట. మాకు ముందు బస్సులు, కార్లు. వెనక కూడా బస్సులు, కార్లు. జనం దిగి రోడ్డు మీద కాళ్లు సాగదీస్తున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, అందరి మొహాలూ వేలాడుతున్నాయి. అంతలో తాగిన టీ తన పని తను చేసింది. అక్క నా చెవిలో చెప్పింది. నేను పరదాలన్నీ మూశాను. “మీరిద్దరూ కిందికి దిగండి, దగ్గర్లో ఉండొద్దు” అంది. దిగాం. బండి తలుపు మూసుకుంది. లోపల గడియ టక్కుమని పడింది.

స్టీరింగు పక్కన కందిగింజ దీపం ఒక్కటే వెలగాల్సింది. దాంతో పాటు బండి మొత్తం వెలిగింది.

ఎరుపూ పచ్చా నీలం బండి చుట్టూ పరుగులు తీశాయి. కీచు పాట అందుకుంది. ఆ రంగుల మధ్య ఇకిలిస్తున్న బన్ను బొమ్మ మూతి ఒకసారి పచ్చగా, ఒకసారి నీలంగా మారుతోంది. చీకటి పడుతున్న రోడ్డు మీద అంత దూరానికీ వెలుగున్నది మా బండి ఒక్కటే.

“ఏమిటి బావా ఇది!”

“ఒకే షాపువాడివి కదా... అన్నిటికీ ఒకే కబురు పెట్టినట్టున్నాడు వెధవ. గడియ చెప్తే అన్నీ వింటున్నాయి” అన్నాడు, జేబులన్నీ తడుముకుని రిమోటు వెతుకుతూ. దొరికింది, నొక్కాడు. ఆరిపోయింది. రెండు క్షణాల్లో మళ్లీ వెలిగింది. రిమోటు ఆర్పుతోంది, గడియ వెలిగిస్తోంది. బ్యాటరీ తీగ పీకేద్దామంటే బ్యాటరీ ఉన్నది ఆ చిన్న గది నేల కిందే.

లోపలి నుంచి అక్క గొంతు. “ఎవడో పాటలు పెట్టాడు, వినపడుతోందా? ఆపమనండి! వేళాపాళా లేదా మనుషులకి!”

“అలాగే, చెప్తాను” అన్నాడు బావ ఏడుపు గొంతుతో.

అప్పటికే ఒకాయన చంకలో పిల్లతో వచ్చేశాడు. “బన్నులున్నాయా అండీ?”

“లేవండీ.”

“అయిపోయాయా?”

“అవలేదు, అసలు లేవు.”

“మరి లైట్లెందుకు వేశారు?”

బావ రిమోటు మళ్లీ నొక్కాడు. ఆయన మొహం చూసి ఆ తండ్రి ఇంకోలా అర్థం చేసుకున్నాడు. “లోపల కాలుతున్నట్టున్నాయి, నిలబడదాం” అని పిల్లకు చెప్పి తలుపు ముందు నిలబడ్డాడు. ఆయన వెనక ఒక కళ్లజోడాయన, ఆయన వెనక ఇద్దరు ఆడపిల్లలు. లైను చూసి ఇంకొందరు. ఆకలి మీద ఉన్న జనానికి లైను కనపడితే చాలు, దేనికో అడగరు. ఎవరో పెద్దమనిషి తనంతట తనే “తోసుకోకండి, అందరికీ వస్తాయి” అని సర్దుబాటు మొదలుపెట్టాడు. క్రీము ఉన్నవా లేనివా అని వెనక నుంచి చర్చ. కళ్లజోడాయన విసుగొచ్చి తలుపు మీద తట్టాడు. “ఇంకెంతసేపండీ లోపల?”

మా అక్క కొయ్యబారిపోయి ఉంటుందని నాకు తెలుసు. నాకు ఒళ్లు మండిపోయింది. పాట మీద కోపం, బావ మీద కోపం, ఆ బన్ను మీద కోపం, అన్నీ కలిసి ఒక్కసారిగా బయటికొచ్చాయి.

“బన్నులూ లేవు, గిన్నులూ లేవు! పొండి అందరూ! మా అక్క బాత్రూంలో ఉంది!”

వంతెన దాకా వినపడి ఉంటుంది. లైనులో క్రీము చర్చ ఆగిపోయింది. పాట మాత్రం ఆగలేదు. బావ నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేను, తిట్టు కాదు, పాపం, ఇల్లు కూలిపోయినవాడి చూపు. నాకు నాలుక కొరుక్కోవాలనిపించింది.

గడియ తీసిన చప్పుడైంది. లైట్లు ఆరిపోయాయి, పాట సగంలో తెగింది. అక్క తలుపు తీసి మెట్టు మీద నిలబడింది. ఎదురుగా అంత జనం, అందరి కళ్లూ ఆవిడ మీదే. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“బండి తిప్పండి” అంది. “ఇంటికి.”

“కాదోయ్, పొడుగు...”

“తిప్పండి. మీరు మాటిచ్చారు.”

బావ వెనక్కి తిరిగి చూశాడు. తిప్పడానికి దారి కూడా లేదు, వెనకంతా బళ్లే. ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. పొడుగు ఇల్లు ఇంక గంట దూరం. ఇప్పుడు వెనక్కి తిరిగితే మా అక్క మళ్లీ ఎప్పటికీ బయలుదేరదు, పొడుగు ఎప్పటికీ రాలేదు. ఇద్దరూ అలా ఫోనుల్లోనే ముసలివాళ్లయిపోతారు. నేను మొహం తిప్పుకున్నాను.

లైనులో వెనక నుంచి ఒక పెద్దావిడ ముందుకు వచ్చింది. చేతిలో సంచి, మొహం వాడిపోయి ఉంది, ముందు నిలబడ్డ బస్సులోంచి దిగినట్టుంది. అక్క చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, ఇందులో నిజంగా బాత్రూం ఉందా?”

అక్క తలూపింది.

“మధ్యాహ్నం నించీ బిగబట్టుకు కూర్చున్నా తల్లీ. ప్రయాణమంటే నేను నీళ్లే తాగను. ఎక్కడ వెళ్లాల్సొస్తుందో, ఎవరు చూస్తారో అని.”

“మీరూ తాగరా?” అంది అక్క.

“మా బస్సులో ఏ ఆడదీ తాగలేదు. కావాలంటే అడుగు.”

అక్క ఆవిడను తేరిపార చూసింది. ఆవిడ వెనక బస్సు కిటికీల్లోంచి చూస్తున్న ఆడవాళ్లను చూసింది. బావ మెల్లగా నసిగాడు, “గడియ వేస్తే ఈ లైట్లన్నీ వెలుగుతాయండీ. పాట కూడా వస్తుంది. అందరికీ తెలిసిపోతుంది.”

“వస్తే రానీ! నేనిప్పుడు బ్యాండు మేళంతో వెళ్లమన్నా వెళ్తాను” అంది పెద్దావిడ, సంచి నా చేతిలో పెట్టేస్తూ.

అక్క పక్కకు జరిగింది. “చెప్పులు ఇక్కడ విప్పండి. గడియ గట్టిగా నెట్టాలి, లేకపోతే పడదు” అంది. అది మా అక్క మామూలు గొంతు. జిరాక్సు షాపులో కాగితాలు సరిగ్గా పేర్చమని చెప్పే గొంతు.

టక్. ఎరుపూ పచ్చా నీలం, కీచు పాట. మగవాళ్లు ఎటు చూడాలో తెలియక వంతెన వైపు చూశారు. పెద్దావిడ పండగ చేసుకున్న మొహంతో బయటికొచ్చి, బస్సు వైపు తిరిగి “రండే!” అని ఒక్క కేక పెట్టింది. అంతే, బస్సు ఒరిగిపోయినంత పని చేసి ఆడవాళ్లందరూ దిగారు. బన్నుల లైను చెదిరిపోయి బాత్రూం లైను కట్టింది. మొదట్లో ఒక్కొక్కరూ సిగ్గుపడుతూ లోపలికెళ్లారు. ఇంకాసేపటికి గడియ పడగానే బయటున్నవాళ్లు చప్పట్లు కొట్టడం, లోపలున్నావిడ “నోరు ముయ్యండే!” అని నవ్వుతూ అరవడం మొదలైంది. అక్క గుమ్మం దగ్గర సిపాయిలా నిలబడింది. “ఒక్కొక్కరే! చెప్పులు! ఏమయ్యా కళ్లజోడూ, ఇటు చూడకు, బన్ను కావాలంటే ఊళ్లోకెళ్లు!” బావ క్యానుల్లో నీళ్లు మోసి తొట్టి నింపుతూనే ఉన్నాడు. ఆయన కొన్నవాటిలో సరిగ్గా పనిచేసింది ఆ ఒక్కటే, దాన్ని చూసి గర్వపడే తీరిక కూడా ఆయనకు లేదు.

జనం పలచబడ్డాక అక్క ఆయన్ని అడిగింది. “ఏమండీ, నేనున్నప్పుడు కూడా ఇలాగే వెలిగిందా?”

“ఇలాగే.”

“పాట కూడానా?”

“పాట కూడా.”

“నేను ఆపమని అరిచింది నా పాటనేనా?”

బావ తలొంచుకున్నాడు. అక్క మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. ఆవిడ అంత నవ్వడం నేను పొడుగు వచ్చినప్పుడు తప్ప చూడలేదు. వంతెన మీద దారి వదిలారు, ముందు బళ్లు కదిలాయి. బావ స్టీరింగు పట్టుకుని, “ఎటు తిప్పమంటావు?” అన్నాడు.

“ఎటేమిటి! పొడుగు ఇంటికి. ఇప్పటికే ఆలస్యమైందని తిట్లకి సిద్ధంగా ఉంటుంది” అంది అక్క.

చేరేసరికి భోజనాల వేళ దాటింది. పొడుగు కర్ర పట్టుకుని గుమ్మంలోనే ఉంది, ఎంతసేపటి నుంచి నిలబడిందో ఏమో. అక్కను చూసి కర్ర వదిలేసింది. అక్క పరుగెత్తుకెళ్లి ఆవిడ నడుము పట్టుకుంది, పట్టుకోవాలన్నా భుజాలు అందవు కదా. ఫోనులో అన్ని మాటలు మాట్లాడినవాళ్లకు ఎదురుపడితే ఒక్క మాటా దొరకలేదు. నేనూ బావా సామాను మోస్తున్నట్టు నటించి పక్కకు తప్పుకున్నాం.

కాసేపటికి మాటలు దొరికాయి, దొరికాక ఇంక ఆగలేదు. ముందు గదిలో ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చున్నారు. మా అక్క ఏ ఇంట్లోనూ ముట్టని మంచినీళ్లు గ్లాసు మీద గ్లాసు తాగుతూ బన్నుల లైను కథ చెబుతోంది. పొడుగు నవ్వలేక తుంటి పట్టుకుని “చాలే, తుంటి ఊడుతుందే” అంటోంది. నేను తలుపు దగ్గర కుర్చీలో, బావ నేల మీద గోడకు ఆనుకుని. కళ్లజోడాయన తలుపు తట్టిన చోటికి కథ వచ్చేసరికి అక్క చెబుతూ చెబుతూనే లేచింది. వసారాలోకి నడిచింది, అక్కడ పక్కనే ఉన్న తలుపు తోసుకుని లోపలికెళ్లింది, లోపలి నుంచి కూడా చెబుతూనే ఉంది. అది పొడుగు ఇంటి బాత్రూం.

బావా నేనూ మొహాలు చూసుకున్నాం. ఆయన లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

పొడుగు ఒక్కదానికే ఏమీ వింతగా లేదు. ఆవిడ కథ వింటోంది. “ఆ తరవాతేమైందే పొట్టీ?”

“ఆ తరవాత ఇదుంది కదా, నా చెల్లెలు, ఊరంతటికీ చాటింది!” అని లోపలి నుంచి అక్క. నీళ్ల చప్పుడు. “ఒసేయ్, నీ ఇంట్లో సబ్బు కూడా ఉండదా?”

“అలమారలో కొత్తది ఉంది, అందివ్వమ్మా, నేను లేవలేను” అంది పొడుగు నాతో.

సబ్బు తీసుకుని వెళ్లాను. తట్టాలా వద్దా అని తలుపు ముందు ఆగాను. నేను తట్టక ముందే తలుపు కొంచెం తెరుచుకుని మా అక్క తడిచెయ్యి బయటికొచ్చింది, వేళ్లు ఆడిస్తూ, సబ్బు కోసం. వెనక్కి తిరిగి చూశాను. బావ గోడ వైపు తిరిగి చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. మా అక్క ఆ తలుపుకు గడియే వేయలేదు.